బీఎస్సీ నర్సింగ్ సీటు కోసం: నల్లగొండ, పాలమూరు పిల్లలు, తల్లిదండ్రులు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలు

ఇంటర్ ఫలితాలు వచ్చినప్పటి నుంచి ఫోన్లు మొదలవుతాయి. దేవరకొండ నుంచి ఒకరు, అచ్చంపేట నుంచి ఒకరు, వాళ్ళ మేనమామ ఒకరు, ఊరి సర్పంచ్ ఒకరు. అడిగేవాళ్ళు మారతారు గానీ డౌట్లు మాత్రం అవే. నేను సర్కారు దవాఖానలో నర్సింగ్ ఆఫీసర్‌ని, డ్యూటీలో ఫోన్ ఎత్తలేను, అందుకే అన్నీ ఇక్కడ రాసి పెడుతున్నా. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోండి, మొత్తం చదవాల్సిన పని లేదు. తేదీలు, ఫీజులు మాత్రం ఏటా మారతాయి కాబట్టి ఆ ఏడాది నోటిఫికేషన్‌లో ఏముంటే అదే లెక్క.

## అప్లై చేయక ముందు

అక్కా, నర్సింగ్‌కి నీట్ రాయాలా?

తెలంగాణలో బీఎస్సీ నర్సింగ్ కన్వీనర్ సీట్లకు, అంటే ర్యాంకును బట్టి కౌన్సెలింగ్‌లో ఇచ్చే సీట్లకు, నీట్ అక్కర్లేదు, ఈఏపీసెట్ రాయాలి, అదీ అగ్రికల్చర్ అండ్ ఫార్మసీ స్ట్రీమ్. ఒకప్పుడు ఇంటర్ మార్కులతోనే సీట్లిచ్చేవాళ్ళు, 2023 నుంచి ఎంట్రన్స్ ర్యాంకు పెట్టారు. మీ ఊర్లో సీనియర్లు "మాకు ఇంటర్ మార్కులతోనే వచ్చింది" అంటారు, వాళ్ళు అబద్ధం చెప్పట్లేదు, వాళ్ళ కాలం వేరు. ఆ మాట నమ్మి ఈఏపీసెట్ ఫారం నింపకుండా కూర్చుంటే ఏడాది పోతుంది. పాండిచ్చేరి జిప్మర్‌కి, ఆర్మీ నర్సింగ్‌కి మాత్రం నీట్ స్కోరు చూస్తారు. వాటి మీద ఆశ ఉన్నవాళ్ళు రెండూ రాయండి.

ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌కి పోయినం, లిస్టులో నర్సింగ్ కాలేజీ ఒక్కటి కూడా కనపడలే. ఎందుకు?

ఎందుకంటే అది వేరే కౌన్సెలింగ్. పరీక్ష ఒకటే, ర్యాంకు ఒకటే, కానీ ఆ ర్యాంకుతో సీట్లిచ్చే వాళ్ళు వేరు వేరు. బీఫార్మసీకి ఒక కౌన్సెలింగ్, బీఎస్సీ అగ్రికల్చర్‌కి వ్యవసాయ యూనివర్సిటీ ఇచ్చే నోటిఫికేషన్, నర్సింగ్‌కి వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం ఇచ్చే నోటిఫికేషన్. మూడింటికీ విడివిడిగా అప్లై చేయాలి, విడివిడిగా ఫీజు కట్టాలి. ర్యాంకు వచ్చింది కదా, వాళ్ళే పిలుస్తారు అనుకుని ఇంట్లో కూర్చునే పిల్లలు ప్రతి ఏడాదీ ఉంటారు. ఎవరూ పిలవరు. కాళోజీ యూనివర్సిటీ వెబ్‌సైట్ మీరే చూస్తుండాలి, ఈఏపీసెట్ ఫలితాలు వచ్చాక కూడా కొన్ని వారాలు ఓపిక పట్టాల్సి వస్తుంది, ఆ గ్యాప్‌లోనే చాలామంది దొరికిన డిగ్రీలో చేరిపోతారు.

ఇంటర్‌లో ఎన్ని మార్కులుంటే సరిపోతది?

ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ రూల్ ప్రకారం ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, ఇంగ్లీష్ కలిపి 45 శాతం, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం. ఇక్కడ ఒక చిక్కు ఉంది. మెమో మీద వెయ్యికి ఎన్ని వచ్చాయో చూసి చాలామంది ధైర్యంగా ఉంటారు, కానీ అందులో రెండు వందల మార్కులు సంస్కృతమో తెలుగో. సంస్కృతంలో 98 వచ్చినా ఈ లెక్కలోకి రాదు. బాటనీ, జువాలజీ, ఫిజిక్స్, కెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌తో కలిపి 600, ఇంగ్లీష్ రెండేళ్ళది 200. ఈ 800లో 360, ఎస్సీ, ఎస్టీలైతే 320 వచ్చాయా లేదా చూసుకోండి. తక్కువ పడితే ఇంప్రూవ్‌మెంట్ రాయండి, మేలో సప్లిమెంటరీతో పాటే అవకాశం ఉంటుంది.

బీఎస్సీ మంచిదా, జీఎన్ఎం మంచిదా? మా ఊరు ఆర్‌ఎంపీ జీఎన్ఎం చాలు అంటున్నడు.

జీఎన్ఎం మూడేళ్ళ డిప్లొమా, బీఎస్సీ నాలుగేళ్ళ డిగ్రీ. స్టాఫ్ నర్స్ ఉద్యోగానికి తెలంగాణలో రెండూ చెల్లుతాయి, ఒకటే పరీక్ష రాస్తారు, పక్కపక్క వార్డుల్లో అదే జీతానికి పనిచేస్తారు. ఆ మాట వరకు ఆర్‌ఎంపీ చెప్పింది నిజమే. తేడా ఆ తర్వాత తెలుస్తుంది. ఎమ్మెస్సీ చేయాలన్నా, కాలేజీలో ట్యూటర్‌గా వెళ్ళాలన్నా డిగ్రీ కావాలి, విదేశాల్లోనూ డిగ్రీ ఉంటే పని సులువు. జీఎన్ఎం చేసినవాళ్ళు రెండేళ్ళ పోస్ట్ బేసిక్ బీఎస్సీ చేసి ఆ లోటు పూడ్చుకోవచ్చు, కానీ అప్పటికి పెళ్ళి, పిల్లలు, నైట్ డ్యూటీలు, మళ్ళీ క్లాసులో కూర్చోవడం అందరికీ కుదరదు.

నా మాట అడిగితే: బీఎస్సీ కన్వీనర్ సీటు వస్తే బీఎస్సీనే. సర్కారు జీఎన్ఎం స్కూల్లో సీటు ఒక చేతిలో, పేరు తెలియని ప్రైవేటు కాలేజీలో మేనేజ్‌మెంట్ బీఎస్సీ ఇంకో చేతిలో ఉంటే మాత్రం నేను సర్కారు జీఎన్ఎం వైపే చూపిస్తా. పేషెంట్లు నిండిన దవాఖానలో మూడేళ్ళు నేర్చుకున్న పిల్ల ఎక్కడైనా బతుకుతుంది.

నేను ఎంపీసీ చదివిన. నర్సింగ్ చేయొచ్చా?

బీఎస్సీకి కుదరదు, బయాలజీ ఉండి తీరాలి. జీఎన్ఎంకి అప్లై చేయొచ్చు, అది ఏ గ్రూపు వాళ్ళకైనా తెరిచే ఉంది, 40 శాతం ఉండాలి, కానీ సైన్సు వాళ్ళకు ముందు చోటు ఇస్తారు. ఒకేషనల్ ఇంటర్ చేసిన పిల్లలు బీఎస్సీ కావాలనుకుంటే బ్రిడ్జ్ కోర్సు పాసై ఉండాలి, బ్రిడ్జ్ మెమో లేకుండా అప్లికేషన్ నింపి ఫీజు పోగొట్టుకోవద్దు.

మా చెల్లెకు ఇంకా పదిహేడు నిండలే. ఈ ఏడు ఆగాల్నా?

చేరే ఏడాది డిసెంబరు 31 నాటికి 17 నిండితే చాలు. పదో తరగతి మెమోలో ఉన్న పుట్టిన తేదీనే చూస్తారు, ఆధార్‌లో వేరే ఉంటే ముందే సరిచేయించండి. బడిలో వేసేటప్పుడు సార్లు అంచనాగా రాసిన తేదీ ఇప్పుడు అడ్డం పడుతుంటుంది, కానీ మెమోలో ఏముంటే అదే మీ పుట్టినరోజు, వాదించి లాభం లేదు.

మగపిల్లలు చేయొచ్చా? ఊర్లో నవ్వుతరు అంటుండు మా తమ్ముడు.

చేయొచ్చు. నర్సింగ్ కౌన్సిల్ మగపిల్లల్ని వద్దనలేదు. ఆపరేషన్ థియేటర్లలో, ఐసీయూల్లో, క్యాజువాల్టీలో మగ నర్సులు ఎందరో ఉన్నారు. అయితే కొన్ని చోట్ల సీట్లు ఆడపిల్లలకే. ఎయిమ్స్‌లో బీఎస్సీ ఆనర్స్ నర్సింగ్, ఆర్మీ నర్సింగ్ రెండూ అమ్మాయిలకు మాత్రమే. మన రాష్ట్రంలో ఏ కాలేజీలో అబ్బాయిలకు అవకాశం ఉందో నోటిఫికేషన్‌లోనూ, సీట్ మ్యాట్రిక్స్‌లోనూ (కాలేజీలవారీగా సీట్ల పట్టిక) రాసి ఉంటుంది, ఆప్షన్లు పెట్టే ముందు చూసుకోవాలి. నవ్వేవాళ్ళ సంగతికొస్తే, వాళ్ళింట్లో ఎవరికైనా రాత్రిపూట ఆయాసం వస్తే ముందు ఫోన్ చేసేది మీ తమ్ముడికే.

బీబీనగర్ ఎయిమ్స్ మన పక్కనే ఉంది. మనకేమన్నా లోకల్ కోటా ఉంటదా?

ఉండదు. బీబీనగర్ మన ఉమ్మడి నల్లగొండ గడ్డ మీదే ఉన్నా ఎయిమ్స్ సీట్లు దేశం మొత్తానికి ఒకటే పోటీ. దాని ఎంట్రన్స్ వేరు, అప్లికేషన్ వేరు, ఢిల్లీ ఎయిమ్స్ నడుపుతుంది. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ ముప్పై చొప్పున, జనరల్ నాలెడ్జ్ పది, మొత్తం వంద ప్రశ్నలు, రెండు గంటలు. తప్పు జవాబుకు మూడో వంతు మార్కు కోస్తారు. ఇంటర్‌లో 55 శాతం కావాలి, ఎస్సీ, ఎస్టీలకు 50. ఈఏపీసెట్‌లో నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి మన పిల్లలకు అన్నీ గీసేసి రావడం అలవాటు, ఆ అలవాటు ఇక్కడ ముంచుతుంది.

మిలిటరీ నర్సింగ్ గురించి చెప్పండి.

పెళ్ళికాని అమ్మాయిలకు, బయాలజీతో ఇంటర్ పాసైన వాళ్ళకు. పుణె, కోల్‌కతా, ముంబై, ఢిల్లీ, లక్నో, బెంగళూరు ఆర్మ్‌డ్ ఫోర్సెస్ కాలేజీల్లో కలిపి 220 సీట్లు. నీట్ స్కోరుతో షార్ట్‌లిస్ట్ చేసి, మళ్ళీ ఒక కంప్యూటర్ పరీక్ష, ఇంటర్వ్యూ, మెడికల్ పెడతారు. చదువు, తిండి, హాస్టల్ వాళ్ళే చూసుకుంటారు, బదులుగా చదువయ్యాక సర్వీసులో ఆఫీసర్‌గా పనిచేస్తామని బాండ్ రాయాలి. ఇంట్లో నాలుగేళ్ళ తర్వాత పెళ్ళి చేయాలని లెక్కలేసుకుంటున్న నాయనలు ఆ బాండ్ ముందే చదివితే మంచిది.

## ఎంట్రన్స్ దగ్గర

ఎంత ర్యాంకు వస్తే సర్కారు కాలేజీలో సీటు వస్తది?

ఒక్క నంబరు చెప్పమంటారు అందరూ. చెప్పేవాళ్ళని నమ్మొద్దు. మీ కేటగిరీ, లోకల్, ఆ ఏడు ఎంతమంది అప్లై చేశారు, కొత్త కాలేజీలు ఎన్ని వచ్చాయి, వీటన్నిటి మీదా ఆధారపడి ఉంటుంది. ఈఏపీసెట్ ర్యాంకు చూసి భయపడిపోవద్దు, ఎందుకంటే మీ ముందున్న వేలమందిలో చాలామంది ఎంబీబీఎస్‌కో, అగ్రికల్చర్‌కో, ఫార్మసీకో వెళ్తారు, నర్సింగ్‌కి అప్లై చేయనే చేయరు. యూనివర్సిటీ పెట్టే మెరిట్ లిస్టులో మీ స్థానం చూసుకోండి, అదే అసలు లెక్క. పోయిన ఏడాది కాలేజీలవారీగా ఎవరికి ఏ ర్యాంకుకు సీటు వచ్చిందో అలాట్‌మెంట్ లిస్టులు పీడీఎఫ్‌లుగా పెడతారు, అందులో మీ కేటగిరీలో చివరి ర్యాంకు వెతికి రాసుకోండి. నెట్ సెంటర్‌లో ఒక గంట కూర్చుంటే అయిపోతుంది, కన్సల్టెన్సీకి డబ్బులు పోసే పని లేదు.

నేను తెలుగు మీడియం. పేపర్ ఇంగ్లీష్‌లో ఉంటదని టెన్షన్‌గా ఉంది.

ఈఏపీసెట్‌లో ప్రశ్నలు తెలుగులో కూడా ఇస్తారు. బాటనీ 40, జువాలజీ 40, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40, మొత్తం 160, మూడు గంటలు. ఓసీ, బీసీలు 25 శాతం, అంటే 40 మార్కులు తెచ్చుకుంటే క్వాలిఫై అయినట్టు. ఎస్సీ, ఎస్టీలకు ఆ కనీస మార్కు లేదు, కానీ ర్యాంకు ర్యాంకే. ఇంటర్ వెయిటేజీని 2023లోనే తీసేశారు కాబట్టి ఆ మూడు గంటల్లో చేసిందే ర్యాంకు. ఫిజిక్స్ వదిలేసి బయాలజీ మీదే పడతారు మన పిల్లలు. ఫిజిక్స్‌లో కనీసం ఫార్ములా పెట్టి తేలిపోయే లెక్కలు ఓ పది పదిహేను చేసినా ర్యాంకు చాలా ముందుకు జరుగుతుంది.

ఒక సబ్జెక్టు పోయింది. సప్లిమెంటరీలో పాసైతే తీసుకుంటరా?

తీసుకుంటారు. అప్లికేషన్ నింపేనాటికి పాస్ మెమో చేతిలో ఉండాలి అంతే. సప్లీ ఫలితాలు వచ్చే లోపు ఇంటర్ షార్ట్ మెమో, స్టడీ సర్టిఫికెట్లు తీసి పెట్టుకోండి.

## కాగితాల దగ్గర

ఏమేం సర్టిఫికెట్లు కావాలి?

పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, ఈఏపీసెట్ హాల్‌టికెట్, ర్యాంకు కార్డు, ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, టీసీ, కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్, ఆధార్, ఫొటో, సంతకం. దివ్యాంగులైతే సదరం సర్టిఫికెట్.

ఇందులో ఏడిపించేది స్టడీ సర్టిఫికెట్లే. ఆరు, ఏడు ఊర్లో బడిలో, ఎనిమిది గురుకులంలో, తొమ్మిది ఇంకో గురుకులంలో చదివిన పిల్లలుంటారు, మూడు చోట్లకీ తిరగాలి. వేసవి సెలవుల్లో బడికి తాళం ఉంటుంది, హెడ్మాస్టర్ సారు ఫోన్ ఎత్తరు. వలస పోయిన ఇళ్ళ పిల్లలైతే మరీ కష్టం, మధ్యలో ఒక ఏడాది ముంబైలోనో పుణెలోనో ఉంటే ఆ ఏడాదికి కాగితమే ఉండదు. అందుకని ఇంటర్ రెండో సంవత్సరం సంక్రాంతి సెలవులు అయిపోగానే, బడి తెరిచి ఉన్నప్పుడే, తెచ్చుకోండి. తెచ్చుకున్నాక దాని మీద అడ్మిషన్ నంబరు, ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా, ముద్ర, సంతకం, నాలుగూ ఉన్నాయో లేదో అక్కడే నిలబడి చూడండి. ముద్ర మసకగా పడితే ఇంకోసారి కొట్టించండి, స్కాన్‌లో కనపడకపోతే వెరిఫికేషన్‌లో పక్కన పెడతారు.

మాది అలంపూర్ పక్కన. కర్నూలులో ఇంటర్ చదివిన. నేను లోకలేనా?

ఈ ప్రశ్న గద్వాల వైపు నుంచి కర్నూలు పేరుతో, కోదాడ, హుజూర్‌నగర్ వైపు నుంచి విజయవాడ పేరుతో వస్తుంది. ఇల్లు, ఓటు, రేషన్ కార్డు, భూమి పాసుబుక్కు అన్నీ ఇక్కడే ఉన్నా లోకల్ అనేది చదువును బట్టి. ఇంటర్ దాకా వరుసగా నాలుగేళ్ళు, అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్ళు ఎక్కడ చదివారన్నది చూస్తారు. మెడికల్ సీట్లలో ఈ నాలుగేళ్ళ రూల్ సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, 2025 సెప్టెంబరులో కోర్టు రాష్ట్రం వైపే తీర్పిచ్చింది. కన్వీనర్ సీట్లలో 85 శాతం లోకల్ వాళ్ళకు, మిగతా 15 శాతంలో తల్లిదండ్రులు పదేళ్ళు ఇక్కడ నివాసం ఉన్నట్టు తహసీల్దార్ సర్టిఫికెట్ లాంటివి పెట్టి పోటీ పడే వీలుంటుంది, ఆ ఏడాది నోటిఫికేషన్‌లో అది ఎట్లా రాశారో అక్షరం అక్షరం చదవాలి.

పది పాసైన పిల్లలున్న తల్లిదండ్రులకు ఒక మాట: రాష్ట్రం దాటి కార్పొరేట్ కాలేజీలో వేసే ముందు ఇది ఆలోచించండి. హాస్టల్ ఫీజు కన్నా ఇది ఖరీదైన సంగతి, ఆ కాలేజీ పీఆర్వో ఇది చెప్పడు.

కులం, ఆదాయం సర్టిఫికెట్లు పాతవి నడుస్తయా?

ఆదాయం సర్టిఫికెట్ ఆ ఏడాదిది కావాలి. ఈడబ్ల్యూఎస్ కూడా అంతే, ప్రతి ఆర్థిక సంవత్సరానికీ కొత్తది. మీ సేవలో అప్లై చేసి వదిలేస్తే జూన్‌లో తహసీల్దార్ ఆఫీసులో ఫైళ్ళు గుట్టలు పడతాయి, ఏప్రిల్‌లోనే పెట్టండి. ఎస్సీలకు వర్గీకరణ 2025 ఏప్రిల్ 14 నుంచి అమల్లోకి వచ్చింది, మొదటి గ్రూపుకు 1, రెండో గ్రూపుకు 9, మూడో గ్రూపుకు 5 శాతం. మీ కులం ఏ గ్రూపులో ఉందో తెలుసుకుని అప్లికేషన్‌లో సరిగ్గా పెట్టాలి, పాత సర్టిఫికెట్‌లో గ్రూపు లేకపోతే కొత్తది తీసుకోండి. ఎస్టీ రిజర్వేషన్ 2022 నుంచి 6 బదులు 10 శాతం, తండాల్లో చాలామందికి ఇప్పటికీ ఈ సంగతి తెలియదు.

పదో మెమోలో ఒక పేరు, ఆధార్‌లో ఒక పేరు. ఏమన్నా అయితదా?

ఇంటిపేరు ముందూ వెనకా అయితే పెద్దగా ఏం కాదు. స్పెల్లింగ్ పూర్తిగా వేరైతే ఆధార్‌ని మెమోకి తగ్గట్టు మార్పించండి, మెమోని మార్చడం కన్నా అదే సులువు. అప్లికేషన్‌లో పేరు పదో మెమోలో ఉన్నట్టే కొట్టాలి.

ఒరిజినల్స్ డిగ్రీ కాలేజీలో ఇచ్చేసిన. ఇప్పుడెట్ల?

అప్లికేషన్ అప్‌లోడ్‌కి స్కాన్ కాపీలు చాలు, కాబట్టి ఎక్కడ ఏ కాగితం ఇచ్చే ముందైనా కలర్ స్కాన్ తీసి ఫోన్‌లో, మెయిల్‌లో పెట్టుకోండి. నర్సింగ్ సీటు వచ్చి రిపోర్ట్ చేసేటప్పుడు మాత్రం ఒరిజినల్స్ చూపాలి. ముందు చేరిన కాలేజీ వాళ్ళు మొత్తం ఫీజు కడితేనే ఇస్తామని మొండికేస్తారు, గడువు చూస్తే మూడు నాలుగు రోజులే ఉంటుంది. అందుకే నర్సింగ్ కావాలని గట్టిగా అనుకునే పిల్లలు మధ్యలో వేరే చోట చేరాల్సి వస్తే టీసీ ఒక్కటి ఇచ్చి, మెమోలు మీ దగ్గరే ఉంచుకునేలా మాట్లాడుకోండి. ఇచ్చిన ప్రతి కాగితానికీ రసీదు తీసుకోండి.

## వెబ్ ఆప్షన్ల దగ్గర

ఆప్షన్లు ఎట్ల పెట్టాలి? నెట్ సెంటర్ అన్న పెడుతనంటున్నడు.

టైప్ చేయడానికి నెట్ సెంటర్ అన్నని అడగండి, నిర్ణయించడానికి వద్దు. ఇంట్లో తెల్లకాగితం మీద మీకు నచ్చిన వరుసలో కాలేజీల పేర్లు రాసుకుని వెళ్ళండి. మీ ర్యాంకుకు రాదేమో అని మంచి కాలేజీని కింద పెట్టొద్దు. సిస్టం పైనుంచి చూసుకుంటూ వస్తుంది, మొదటిది దొరక్కపోతే రెండోది చూస్తుంది, పైన పెట్టినందుకు మీకు పోయేదేం లేదు. కింద పెట్టిన మంచి కాలేజీ మాత్రం, దానికన్నా పైదేదో దొరికితే, ఇక మీ దగ్గరికి రాదు.

రెండోది, పొట్టిగా పెట్టొద్దు. నల్లగొండలోనే కావాలని రెండు పేర్లు పెట్టి ఊరుకున్న పిల్లలకు సీటే రాకపోవడం, వాళ్ళకన్నా వెనక ర్యాంకు పిల్లకు ఆదిలాబాద్‌లో సర్కారు సీటు రావడం నాకు తెలిసిన ఇళ్ళల్లోనే జరిగింది. నాలుగేళ్ళు హాస్టల్లో ఉండేదే కదా, దూరం అంటే పండక్కి వచ్చినప్పుడు బస్సులో ఇంకో నాలుగు గంటలు. మూడోది, ఫ్రీజ్ చేశాక ప్రింట్ తీసుకోండి, పాస్‌వర్డ్, ఓటీపీ ఎవరికీ ఇవ్వొద్దు.

కాలేజీ మంచిదో కాదో ఎట్ల తెలుస్తది? అన్ని వెబ్‌సైట్లు ఒక్కతీరే ఉన్నయి.

బిల్డింగ్ చూడకండి, దవాఖాన చూడండి. నర్సింగ్ నేర్చుకునేది మంచం పక్కన నిలబడి. రూల్ ప్రకారం బీఎస్సీ కాలేజీకి వంద పడకల సొంత దవాఖాన ఉండాలి. కాగితం మీద అందరికీ ఉంటుంది. మీరు ఒక మామూలు రోజు, ఇన్‌స్పెక్షన్ లేని రోజు, ఉదయం పదింటికి వెళ్ళి ఓపీ దగ్గర ఎంతమంది నిలబడ్డారో చూడండి, లేబర్ రూంలో నెలకు ఎన్ని కాన్పులు అవుతున్నాయో అక్కడి ఆయమ్మను అడగండి, ఆమె చెప్పేది బ్రోచర్‌లో ఉండదు. వార్డులో బెడ్ల మీద దుప్పట్లు మడత నలగకుండా ఉన్నాయంటే అక్కడ పడుకునేవాళ్ళు లేరని అర్థం.

తర్వాత యూనిఫాంలో కనపడిన మూడో ఏడాది పిల్లను పక్కకు పిలిచి అడగండి: ఐవీ క్యాన్యులా, అంటే సెలైన్ ఎక్కించే సూది, నువ్వు సొంతంగా పెట్టావా? కాన్పు ఎన్ని చూశావు? క్లినికల్స్‌కి, అంటే వార్డులో పని నేర్చుకోవడానికి, ఎక్కడికి తీసుకెళ్తారు? రికార్డులు సొంత కేసులతో రాస్తున్నారా, సీనియర్ల దగ్గర చూసి దింపుతున్నారా? ఆ పిల్ల తడుముకుంటే సంగతి తెలిసిపోతుంది.

ఈ విషయంలో సర్కారు కాలేజీలకు తిరుగులేదు. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లో 2022లో సర్కారు మెడికల్ కాలేజీలు మొదలయ్యాక మన జిల్లా దవాఖానలు టీచింగ్ హాస్పిటళ్ళయ్యాయి, ఒకప్పుడు హైదరాబాద్ పంపే కేసులు ఇప్పుడు ఇక్కడే చూస్తున్నారు. అలాంటి చోట క్లినికల్స్ చేసే పిల్లకు చేయి తిరుగుతుంది. బిల్డింగ్ కొత్తదా, హాస్టల్లో బాత్రూంలు సరిగ్గా ఉన్నాయా అనేవి నిజమైన ఇబ్బందులే, కొన్ని కొత్త కాలేజీల్లో సొంత హాస్టల్ లేక అద్దె ఇంట్లో సర్దుతారు, అది కూడా కనుక్కోండి. అయినా నా ఓటు పేషెంట్లకే.

మొదటి విడతలో వచ్చిన సీటు నచ్చలే. వదిలేసి రెండో విడత చూడొచ్చా?

వదిలేయడం వేరు, ఉంచుకుని ఇంకా మంచిదానికి చూడటం వేరు. యూనివర్సిటీ ఫీజు కట్టి అలాట్‌మెంట్ తీసుకుని, చేరమన్న చోట చేరి, తర్వాతి విడతలో పై ఆప్షన్లకు ప్రయత్నించడం నయం. అయితే రెండో విడతలో పై సీటు వస్తే పాతది ఆటోమేటిక్‌గా పోతుంది, మళ్ళీ కావాలంటే రాదు, కాబట్టి నిజంగా కావాల్సినవే పెట్టండి. చివరి విడతలో సీటు వచ్చి చేరకపోయినా, చేరి మానేసినా జరిమానా ఉంటుంది, ఎంతో ఆ నోటిఫికేషన్‌లో రాస్తారు.

బెంగళూరులో ఎంట్రన్స్ లేకుండా సీటు ఇప్పిస్తనంటున్నడు ఒకాయన. పంపొచ్చా?

జడ్చర్ల బస్టాండ్ దగ్గర గోడల మీద ఈ పోస్టర్లే. బెంగళూరులో మంచి కాలేజీలు ఉన్నాయి, అక్కడ చదివి బాగా స్థిరపడిన మనవాళ్ళూ ఉన్నారు, నేను కాదనను. భయమల్లా ఏజెంట్‌తోనే. ఆయనకు కాలేజీ నుంచి తలకు ఇంత అని కమిషన్ వస్తుంది, కాబట్టి ఆయన చూపించే కాలేజీ మీకు మంచిది కాదు, ఆయనకు మంచిది. మొదటి ఏడాది ఫీజు తక్కువ చెప్పి, రెండో ఏడాది నుంచి యూనిఫాం, క్లినికల్, ట్రాన్స్‌పోర్ట్, పరీక్ష అని ఒక్కోటి కలుపుతారు, అప్పటికి ఒరిజినల్స్ వాళ్ళ బీరువాలో ఉంటాయి.

పంపాలనే అనుకుంటే ఏజెంట్ లేకుండా తల్లో తండ్రో స్వయంగా వెళ్ళి చూడండి. ఆ కాలేజీకి ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు, ఆ రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు, యూనివర్సిటీ అఫిలియేషన్ మూడూ ఈ ఏడాదికి ఉన్నాయా, వాళ్ళ వెబ్‌సైట్లలో మీరే చూడండి, ఫ్రేం కట్టిన పాత సర్టిఫికెట్ కాదు. నాలుగేళ్ళ ఫీజు మొత్తం లెటర్‌హెడ్ మీద రాయించుకోండి. "క్లాసులకు రాకున్నా పర్లేదు, పరీక్షలకు వస్తే చాలు" అన్న మాట వినపడితే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. హాజరు లేకుండా వచ్చిన నర్సింగ్ డిగ్రీ పట్టుకుని వార్డులో నిలబడేది మీ బిడ్డ, ఎదురుగా ఉండేది ఎవరి ప్రాణమో.

## డబ్బుల దగ్గర

ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తదా?

కన్వీనర్ కోటాలో చేరితే అర్హత ఉంటుంది, మేనేజ్‌మెంట్ కోటాకు ఉండదు. బీసీ, ఈబీసీలకు ఆదాయ పరిమితి పల్లెల్లో లక్షన్నర, పట్టణాల్లో రెండు లక్షలు. ఈపాస్ అనే సర్కారు స్కాలర్‌షిప్ వెబ్‌సైట్‌లో ప్రతి ఏడాదీ రెన్యూవల్ చేయాలి, 75 శాతం హాజరు ఉండాలి. డబ్బులు లేటవుతాయి, ఏళ్ళకు ఏళ్ళు బకాయిలు పడటం అందరికీ తెలిసిన సంగతే. ఆ లేటుకు ప్రైవేటు కాలేజీ వాళ్ళు పిల్లల్ని పట్టుకుంటారు, "నువ్వు కట్టు, వచ్చాక ఇస్తాం" అంటారు, హాల్‌టికెట్ ఆపుతామంటారు. కాబట్టి ప్రైవేటులో చేరేవాళ్ళు ఒక ఏడాది ఫీజుకు సరిపడా ఏదో ఒక ఏర్పాటు చేసుకుని దిగండి. కట్టిన ప్రతి రూపాయికీ రసీదు.

సర్కారు కాలేజీలో స్టైపెండ్ ఎంత?

2022లో పెంచారు, మొదటి ఏడాదికి అంతకుముందు 1,500 ఉండేది 5,000 చేశారు, పై ఏడాదులకు ఇంకొంచెం ఎక్కువ. నెల నెలా టంచనుగా పడుతుందని లెక్కేసుకుని ఈఎంఐలు పెట్టుకోవద్దు గానీ, పడినప్పుడు మెస్ బిల్లు, ఇంటికి వెళ్ళే బస్సు ఖర్చు గట్టెక్కుతాయి.

## చేరాక

క్లాసులన్నీ ఇంగ్లీష్‌లోనేనట. మా బిడ్డ తట్టుకుంటదా?

మొదటి సెమిస్టర్‌లో అనాటమీ, ఫిజియాలజీ, సోషియాలజీ, సైకాలజీ, నర్సింగ్ ఫౌండేషన్స్‌తో పాటు కమ్యూనికేటివ్ ఇంగ్లీష్ అని ఒక సబ్జెక్టే ఉంది. మొదటి మూడు నెలలు ఏడుపొస్తుంది, గురుకులం నుంచి వచ్చిన పిల్లలకైనా, కాన్వెంట్ నుంచి వచ్చిన పిల్లలకైనా అనాటమీ పేర్లు కొత్తే కదా. వార్డులో మాత్రం తెలుగు పిల్లదే పైచేయి. "కడుపుల మండుతుంది బిడ్డా, గుంజుతుంది" అని మర్రిగూడ నుంచి వచ్చిన అవ్వ చెప్తే అది ఎక్కడి నొప్పో ఆ పిల్లకే ముందు అర్థమవుతుంది.

నాకు నెత్తురు చూస్తే కళ్ళు తిరుగుతయి. చేయగలనా?

చాలామందికి తిరుగుతాయి. మొదటిసారి డ్రెస్సింగ్ చూసినప్పుడు గోడ పట్టుకుని కూర్చున్నవాళ్ళు ఇప్పుడు క్యాజువాల్టీ నడిపిస్తున్నారు. పొద్దున ఏమన్నా తిని వెళ్ళండి, ఖాళీ కడుపుతో నిలబడితే మామూలు మనిషికైనా తిరుగుతాయి. నెత్తురు కన్నా నైట్ డ్యూటీ, గంటల తరబడి నిలబడటం, పేషెంట్ వెంట వచ్చినవాళ్ళ అరుపులు, ఇవి ఎక్కువమందిని మాన్పిస్తాయి. ఇంట్లో తాతకో నానమ్మకో ఒంట్లో బాగాలేనప్పుడు చేసి చూడండి, విసుగొస్తుందా లేదా మీకే తెలుస్తుంది.

చదివినంక ఉద్యోగం గ్యారంటీనా?

గ్యారంటీ అని నేను రాయను. తెలంగాణలో సర్కారు నర్సింగ్ ఆఫీసర్ (స్టాఫ్ నర్స్) పోస్టులు మెడికల్ హెల్త్ సర్వీసెస్ రిక్రూట్‌మెంట్ బోర్డు నింపుతుంది. 2024 జనవరి 31న ఎల్బీ స్టేడియంలో ఒకేసారి 6,956 మందికి నియామక పత్రాలిచ్చారు, అదే ఏడాది సెప్టెంబరులో మరో 2,050 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. అందులో రాతపరీక్షకు 80 మార్కులు, సర్కారు దవాఖానల్లో కాంట్రాక్ట్, ఔట్‌సోర్సింగ్ సర్వీసుకు 20. అంటే చదువయ్యాక ఖాళీగా కూర్చుని కోచింగ్ తీసుకునేకన్నా జిల్లా దవాఖానలో చిన్న జీతానికైనా చేరి చదువుకునేవాళ్ళకు లాభం. ఎయిమ్స్‌లకు నార్సెట్ అని దేశవ్యాప్తంగా వేరే పరీక్ష ఉంది. ప్రైవేటులో ఉద్యోగం వెంటనే దొరుకుతుంది, జీతం మాత్రం మొదట్లో చిన్నది, హైదరాబాద్ హాస్టల్ అద్దె పోను ఇంటికి పంపేది పెద్దగా మిగలదు. ఏ ఉద్యోగానికైనా ముందు తెలంగాణ నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి.

జర్మనీ పోవాలంటే ఇప్పటి నుంచే ఏమన్నా చేయాల్నా?

భాష. జర్మనీలో వార్డులో పనిచేయాలంటే జర్మన్ భాషలో పరీక్ష పాసవ్వాలి, ఇంగ్లీష్ వస్తే చాలదు. ఇంగ్లండ్‌కైతే ఐఈఎల్‌టీఎస్ లేదా ఓఈటీ అనే ఇంగ్లీష్ పరీక్ష. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకు జర్మన్ నేర్పించి పంపే కార్యక్రమాలు నడుపుతుంది, లక్షలు అడిగే ఏజెంట్ దగ్గరికి వెళ్ళే ముందు అక్కడ కనుక్కోండి. మూడో ఏడాది నుంచి రోజూ కొంచెం భాష మొదలుపెడితే నాలుగో ఏడాది అయ్యేసరికి ఒక లెవెల్ దాటొచ్చు. అలాగే క్లినికల్ పోస్టింగుల రికార్డు, ఏ వార్డులో ఎన్ని గంటలు చేశారన్నది, సంతకాలతో సహా జాగ్రత్తగా పెట్టుకోండి, బయటి దేశాల వాళ్ళు ఆ గంటల లెక్క అడుగుతారు, అప్పుడు కాలేజీ చుట్టూ తిరిగితే పాత ప్రిన్సిపాల్ మేడం బదిలీ అయిపోయి ఉంటారు.